రికార్డుకెక్కని ఐదు నిమిషాలు

పోయిన నెల మా సావుకారి కన్నుమూశాడు. దినాలైన మరునాడు ఆయన పెద్ద కొడుకు ఒక కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. శాసనసభ గ్రంథాలయంలో ఎవరినో పట్టుకుని తండ్రి ప్రసంగాలన్నిటికీ నకళ్లు తీయించుకొచ్చాడట. చిన్న పుస్తకం వేస్తారట, దానికి నేను ముందుమాట రాయాలట. అతను మెట్లు దిగకముందే కట్ట విప్పి ఒకే ఒక్క ప్రసంగం కోసం వెతికాను. దొరికింది. పోలీసు పద్దు మీద చర్చ అది. ఆయన పేరు, 'అధ్యక్షా' అన్న పిలుపు, బందోబస్తు గురించి రెండు వాక్యాలు. ఆ కింద 'సభాపతి ఆదేశానుసారం తొలగించడమైనది' అని ఒక లైను. దాని కిందే ఇంకో సభ్యుడు లేచి పోలీసు క్వార్టర్లకు సున్నం వేయించాలని కోరుతున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చుని ఉన్నాను. తొలగించినవాళ్లు కాగితం మీద నుంచి తొలగించి ఉంటారు, నా చెవుల్లోంచి తొలగించడం వాళ్ల తరం కాదు. అందుకే ముందుమాట పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. హనుమకొండ చౌరస్తాలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఎమ్మెల్యే అయ్యాక కూడా జనానికి ఆయన సావుకారే.

ఆయన బట్టల దుకాణం కింద, నా టైపు ఇన్‌స్టిట్యూట్ పైన. ఆయన మాట్లాడే పద్ధతే వేరు. గజం బద్దతో బట్ట కొలుస్తూ మాట్లాడేవాడు, కత్తెర పడ్డచోట వాక్యం ముగించేవాడు. ఎండల గురించైనా, ఎవరి పెళ్లి గురించైనా, ముఖ్యమంత్రి గురించైనా అంతే. సభలో ఆయనకొచ్చిన చిక్కల్లా అదే. చేతిలో కత్తెర లేదు కనుక ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. స్పీకర్ రెండుసార్లు గంట కొట్టినా వినకుండా నిలబడే ఉండేవాడు. నేనీ మాట అంటే ఉడుక్కునేవాడు. నీ మిషన్‌కైతే లైను ఆఖర్న గంట మోగుతుంది, నాకు మోగదు కదా అనేవాడు. ఆ మాటా నిజమే.

ఇంకో అలవాటు ఉండేది. కలెక్టరుకో మంత్రికో ఉత్తరం రాయాలంటే పైకొచ్చి నాతో టైపు చేయించుకునేవాడు. అంతా అయ్యాక కాగితం అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, చీర అంచు చూసినట్టు నలిపి చూసేవాడు. "ఈ మాట మన్నుతదా తమ్మీ?" అని అడిగేవాడు. ఒక్కసారి ఉతికితే రంగు పోయే మాట ఏదైనా కనబడిందా, తీసేయించేవాడు. నేను పేజీ మొత్తం మళ్లీ కొట్టుకునేవాణ్ని. ఆ నస భరించలేక ఒకటి రెండుసార్లు మిషన్ పాడైందని అబద్ధం చెప్పాను కూడా.

ఆయనది మహా మడి. నుదుట మూడు విభూతి రేఖలు, సోమవారం వస్తే పాలకుర్తి గుట్ట మీద శివుడి గుడి. బయట మంచినీళ్లు ముట్టేవాడు కాదు. అసెంబ్లీకి వెళ్తే నాలుగు గిన్నెల క్యారియర్, మరచెంబు వెంట ఉండాల్సిందే. మంత్రులిచ్చిన విందుల్లో కూడా ఆయన ఒక మూల కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినేవాడు. జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

ఆయనకు ఒక పాస్టరుతో స్నేహం ఎలా కుదిరిందో నాకిప్పటికీ అర్థం కాదు. స్నేహమంటే ఏడాదికోసారి కొట్లాటే. ములుగు రోడ్డులో ఒక ఊరి చివర వాడలో పెంకుల చర్చి ఉంది. దాని పాస్టరు క్రిస్మస్ ముందు పిల్లల బట్టల కోసం సావుకారి దుకాణానికి వచ్చేవాడు. బక్కపలచటి మనిషి, సైకిలు మీద వచ్చేవాడు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా బేరం. దేవుడి పేరు చెప్పి ప్రతిసారీ అర గజం ఎక్కువ గుంజుతావని సావుకారి దెప్పేవాడు. మీ దేవుడు గుట్ట దిగడు, మావాడు వాడలోనే ఉంటాడు కనుక బట్టలు కావాలని పాస్టరు అనేవాడు. పాస్టరు వెళ్లిపోయాక సావుకారి ఆ పూటంతా హుషారుగా ఉండేవాడు.

ఆ పాస్టరును ఒక వానాకాలం చివర పోలీసులు పట్టుకుపోయారు.

చర్చి పక్క గదిలో నాలుగు బస్తాల బియ్యం దొరికాయి. పోలీసులకు ఆ నాలుగు బస్తాలే సాక్ష్యం. కూలిచేసుకుని బతికే వాడలో, తినడానికే లేనిచోట, నాలుగు బస్తాలు ఎలా పోగయ్యాయి? అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ల కోసమే పోగు చేశాడన్నారు. ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర అని కేసు రాసి వరంగల్ జైల్లో పెట్టారు. రుజువైతే ఆయన మళ్లీ బయట పడేది ముసలితనంలోనే.

అసలు సంగతి ఆ వాడలో చిన్నపిల్లకు కూడా తెలుసు. అక్కడి ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. ఇంట్లో ఇద్దరికే ఉన్నా సరే, ఆ పిడికెడు తీయాల్సిందే. ఆదివారం ఆ కుండ చర్చికి తెచ్చి బస్తాలో ఒంపుతారు. ముసలివాళ్లకు, పనిలేనివాళ్లకు, దారినపోయేవాళ్లకు పాస్టరు ఆ బియ్యమే వండించి పెడతాడు. పోలీసులకు అది అర్థం కాలేదు. అర్థమైనా రాసుకోవడానికి పనికిరాలేదు.

రెండు రోజులు సావుకారి దుకాణంలో మాట్లాడకుండా బట్ట కొలిచాడు. భయపడ్డాడు, దాచడమెందుకు? ఆయన అధికార పార్టీ సభ్యుడు. ఏడాదిలో ఎన్నికలు. కేసు కోర్టులో ఉంది కనుక ఆ ఊసే ఎత్తొద్దని పార్టీ విప్ ముందుగానే ఫోన్ చేసి చెప్పాడు. పాస్టరు తరఫున ఒక కుర్ర వకీలు జిల్లాలోని ఎమ్మెల్యేలందరి గడపా తొక్కాడు. సభలో ఎవరో ఒకరు నోరు విప్పితే తప్ప ఈ కేసు కదలదని, ఆయన అక్కడే మగ్గిపోతాడని చెప్పాడు. అందరూ టీ ఇచ్చి పంపించారు. మూడో రోజు సావుకారి మెట్లెక్కి పైకొచ్చి, ఆదివారం ఆ ఊరికి పోదాం, కాగితాలు తెచ్చుకో అన్నాడు.

ఎందుకంటే ఆయనకో పద్ధతి ఉంది. ఎవరి గురించి సభలో మాట్లాడతాడో ముందు వాళ్ల మధ్య నిలబడి అదే ప్రసంగం చేసేవాడు. హమాలీల గురించైతే మార్కెట్‌లో, నేతగాళ్ల గురించైతే మగ్గాల మధ్య. వాళ్లు తల అడ్డంగా ఊపిన మాట తీసేసేవాడు. కొనేముందు భుజం మీద వేసి చూసుకోవడంలాంటిదే ఇదీ అనేవాడు. హైదరాబాదులో మిగతా సభ్యులు ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తుంటే ఈయన బస్టాండుల్లో ప్రసంగాలు చేసేవాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు జనం కూర్చున్నారు. సావుకారి చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడి మొదలుపెట్టాడు. పిడికెడు బియ్యం సంగతి చెప్పాడు. బాగానే ఉంది, ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత గొంతు పెంచి, ఈ బియ్యంలో ఒక్క గింజ కూడా అడవికి పోలేదు అన్నాడు. అది నేను టైపు చేసిన వాక్యం. నాకు బాగా నచ్చిన వాక్యం.

ముందు వరసలోంచి ఒక ముసలామె లేచింది. రూతమ్మ అని, చర్చిలో వంట ఆమెదే.

"పోయినై సావుకారీ," అంది. "ముగ్గురొచ్చిండ్లు. ఒగనికి జరం. నేనే వండిన, పాస్టరయ్య వడ్డించిండు. ఆకలైనోనికి పెట్టొద్దని మాకు ఎవలు చెప్పలే. అబద్ధమాడి ఇడిపిస్తె ఆయన బయటికి రాడు."

మాతో వచ్చిన వకీలు ముఖం తెల్లబడింది. ఆ మాట బయటపడితే కేసు ఏమవుతుందో అక్కడ అతనికొక్కడికే తెలుసు. రూతమ్మ మాత్రం ఆపలేదు. అదే నెలలో పోలీసుల జీపు వాగు దగ్గర బురదలో దిగబడిందని, ఎనిమిది మంది తడిసి ముద్దై చర్చి వరండాలోకి వచ్చారని, వాళ్లకూ అదే కుండలో వండి పెట్టానని చెప్పింది. చివర్లో సావుకారిని ఎగాదిగా చూసి అడిగింది.

"మా బియ్యం గురించి గంత పెద్ద సభల మాట్లాడతవు. దాని రుచి ఎర్కనా నీకు?"

సావుకారి మరచెంబు నా చేతిలో ఉంది. ఆయన దానివైపు చూడనైనా లేదు. గుమ్మం దాటి లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాడు. రూతమ్మ అన్నం, పుంటికూర పప్పు తెచ్చి పెట్టింది. యాభై ఏళ్ల మడి ఆ విస్తరి ముందు కూలిపోవడం నేను పక్కనే కూర్చుని చూశాను. మొదటి ముద్ద మింగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. రెండో ముద్దకు పట్టలేదు. మారు కూడా అడిగాడు.

ఆ సంగతి తెలిసి ఇంట్లో ఆయన భార్య నెలరోజులు వేరే కంచంలో పెట్టింది. కులపెద్దలు వచ్చి ప్రాయశ్చిత్తం చేసుకోమన్నారు. అన్నం తిన్నందుకు కాదు, ఇన్నేళ్లు తిననందుకు చేసుకుంటానని వాళ్లకు చెప్పి పంపాడు.

ఇక మిగిలింది ఆ వాక్యం. వకీలు చేతులు పట్టుకుని బతిమాలాడు. సభలో ఒప్పుకుంటే కోర్టులో తను చెప్పడానికి ఏమీ మిగలదన్నాడు. అతనన్నది తప్పని ఎలా అంటాను? తేల్చుకోలేక ముగ్గురం జైలుకు వెళ్లి పాస్టరునే అడిగాం. జాలీ అవతల ఆయన సగమయ్యాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"జైలంటె నాకు భయమే అన్నా," అన్నాడు సావుకారితో. "బయటికి రావాల్నని రోజు ప్రార్థన చేస్తాన. కాని వడ్డించిన చెయ్యి నాదే. అది నాది కాదని మాత్రం మీరు అనొద్దు."

తిరిగొస్తుంటే రిక్షాలో సావుకారి నా దగ్గరున్న ప్రసంగం కాగితం తీసుకుని ఆ వాక్యం కొట్టేశాడు.

ఇక్కడ నా సిగ్గుమాలిన పని ఒకటి చెప్పాలి. వకీలూ నేనూ కూడబలుక్కుని ఇంకో ప్రసంగం తయారుచేశాం. అందులో అడవి లేదు, ముగ్గురు మనుషులు లేరు. దయ, ధర్మం, మతసామరస్యం ఉన్నాయి. అచ్చుతప్పు ఒక్కటి లేకుండా కొట్టి హైదరాబాదు బస్సులో ఆయన చేతిలో పెట్టాను. ఆయన మీద ప్రేమతోనే చేశాను, అయినా అది పిరికితనమే. జనగామ దాటాక ఆయన మొత్తం చదివాడు. కాగితం అంచు నలిపి చూశాడు. నా ముఖం వైపు చూశాడు. మా పక్క కిటికీ అద్దం వదులై దారిపొడుగునా గలగలమంటోంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆ సందులో దోపాడు. అద్దం చప్పుడు ఆగింది. మంచిగుంది, ఇక జరసేపు పడుకో అన్నాడు నాతో.

సభలో ఆయనకు ఇచ్చింది ఐదు నిమిషాలు. బందోబస్తు గురించి రెండు వాక్యాలు చెప్పి, ములుగు రోడ్డులో ఒక చర్చి ఉంది అధ్యక్షా అని మొదలుపెట్టాడు. కేసు కోర్టులో ఉంది, దాని గురించి మాట్లాడకూడదని స్పీకర్ అడ్డుపడ్డాడు. కేసు గురించి కాదు, బియ్యం గురించి మాట్లాడతాన అన్నాడు సావుకారి. సభ గొల్లుమంది. ఆయన యాసకు వాళ్లు ఎప్పుడూ నవ్వేవాళ్లు, అందుకూ నాకు మంటే. పిడికెడు బియ్యం అంటే ఏమిటో తన చెయ్యి ఎత్తి, పిడికిలి పట్టి చూపించాడు. నవ్వులు తగ్గాయి. ఆ తర్వాత ఆయన అన్న మాటలు ఇవి. రికార్డులో లేవు కనుక ఇక్కడ రాస్తున్నాను.

"ఆ బియ్యం ఎవలు తిన్నరో చెప్తా అధ్యక్షా. ఆ వాడల ముసలోళ్లు తిన్నరు. జరమొచ్చిన ఒక పోరడు తుపాకి పక్కకు పెట్టి తిన్నడు, లేదని నేను అబద్ధమాడ. వాగుల జీపు దిగబడ్డనాడు మన పోలీసోళ్లు ఎనిమిది మంది తిన్నరు. పాలకుర్తి గుట్టకు మొక్కేటోణ్ణి, నేను గూడ తిన్న. అందరికి ఒక్కటే కుండ, పెట్టింది ఒక్కటే చెయ్యి. తిన్నోళ్లల్ల ఎవల మీద కేసు లేదు, పెట్టినాయన మీద ఉన్నది. అన్నం పెట్టుడు కుట్ర అయితె తినుడు గూడ కుట్రనే. అందరి పేర్లు రాయుండ్రి. నా పేరు మొదలు రాయుండ్రి."

సభ అంతా లేచింది. ఆయన పార్టీవాళ్లే ముందు లేచారు. కూర్చో అని అరుస్తున్నారు, గంట మోగింది. విచిత్రమేమిటంటే ఆ ఒక్కరోజు ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసింది. గంట రెండోసారి మోగకముందే కండువా సర్దుకుని కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత ఆ మాటలన్నీ రికార్డుల నుంచి తొలగిస్తున్నట్టు స్పీకర్ ప్రకటించాడు. తొలగించిన మాటలు పేపర్లు వేయకూడదు. మరునాడు ఏ పేపర్లోనూ ఒక్క ముక్క లేదు.

సావుకారి హనుమకొండ తిరిగొచ్చిన సాయంత్రమే దుకాణం ముందు స్టూలు వేసుకుని ఎక్కాడు. అక్కడ తీసేస్తే ఇక్కడ చెప్తానన్నాడు. సభలో మాట్లాడినదానికి కేసు పెట్టే వీలు లేదు, చౌరస్తాలో ఆ రక్షణ లేదని వకీలు తల బాదుకున్నాడు. ఆయన గజం బద్ద చేతబట్టుకుని అదే ప్రసంగం అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఆ మర్నాడు మళ్లీ చెప్పాడు. వారం రోజులు సాయంత్రం ఐదింటికి అదే పని. చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు, కూరగాయల బండ్లవాళ్లు, సినిమాకు పోయేవాళ్లు నిలబడి విన్నారు. చుట్టూ బందోబస్తు పోలీసులు. ఆఖర్న ప్రతిరోజూ ఆ పోలీసుల వైపు తిరిగి ఒకే ప్రశ్న అడిగేవాడు. ఆనాడు అన్నం తిన్న ఎనిమిది మందిలో ఒక్కరైనా కోర్టుకొచ్చి తిన్నామని చెప్తారా అని. ఎవరూ పలికేవాళ్లు కాదు. ఆయన బద్ద చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేవాడు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. పార్టీ నోటీసు వచ్చింది. క్షమాపణ రాసిస్తే చాలన్నారు. నేను ఆశగా కాగితం ఎక్కించి కూర్చున్నాను, ఆయన పైకే రాలేదు. టికెట్ ఇంకొకరికి పోయింది. స్వతంత్రంగా నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఓడిన మరునాడు పొద్దున్నే దుకాణం తెరిచి, నాకు తీరిక లేదు, పెళ్లిళ్ల సీజన్ అని పరామర్శకు వచ్చినవాళ్లకు బట్టలు చూపించడం మొదలుపెట్టాడు. వాళ్లలో సగం మంది మొహమాటానికి కొనుక్కుపోయారు.

విచారణ మొదలయ్యేసరికి ఇంకో ఏడాది గడిచింది. వాయిదా వాయిదాకూ సావుకారి దుకాణం మూసి కోర్టుకు వచ్చేవాడు, నన్నూ లాక్కొచ్చేవాడు. రూతమ్మ ఊరి నుంచి బస్సులో వచ్చి ముందు బెంచీ మీద కూర్చునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు, సాక్షి బోనులోకి ఎవరు వస్తే వాళ్ల ముఖమే చూస్తూ ఉండేది.

బియ్యం పట్టుకున్న పోలీసులే ప్రభుత్వం తరఫు సాక్షులు. ఆ జీపులో వచ్చిన ఎనిమిది మందీ వాళ్లే. సావుకారి పట్టుబట్టడంతో వకీలు ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగాడు, ఆ చర్చిలో నువ్వు అన్నం తిన్నావా అని. ఎస్సై లేదన్నాడు. హెడ్డు లేదన్నాడు. ఏడుగురూ లేదన్నారు. ఏడోవాడు దిగాక వకీలు మావైపు తిరిగి చూశాడు. ఇక చాలిద్దామా అన్నట్టు ఉంది ఆ చూపు. సావుకారి తల అడ్డంగా ఊపాడు.

ఎనిమిదోవాడు చిన్న వయసు కానిస్టేబులు. చౌరస్తాలో ఆ వారం రోజులూ బందోబస్తుకు నిలబడ్డవాడు, నేను గుర్తుపట్టాను. ప్రమాణం చేశాడు. బియ్యం ఎక్కడ దొరికిందో, ఎన్ని బస్తాలో అప్పజెప్పినట్టు చెప్పాడు. వకీలు ఆ ప్రశ్న అడిగాడు. అతను రూతమ్మ వైపు చూశాడు, తల దించుకున్నాడు.

"తిన్న సార్," అన్నాడు. "అందరం తిన్నం. నేను రెండుమాట్ల పెట్టించుకున్న."

ప్రభుత్వ వకీలు లేచి ఏదో అనబోయాడు. జడ్జి గారు చెయ్యెత్తి ఆపి, అతని వైపు తిరిగారు. తీర్పు ఇంకో నెల తర్వాత వచ్చింది, కేసు కొట్టేశారు, పాస్టరు ఇంటికెళ్లాడు. ఆ కానిస్టేబుల్ని ఎక్కడికో దూరం బదిలీ చేశారు. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ తీర్పు రోజు కాదు. ఇంత కాలం ఈ సంగతి ఎందుకు చెప్పలేదని జడ్జి గారు ఆ కుర్రవాణ్ని అడిగిన క్షణం.

"చౌరస్తాల సావుకారి రోజు అడిగిండు సార్," అన్నాడతను. "అక్కడ డ్యూటీ మీద ఉంటి, నోరు తెరిచేటందుకు లేకుండె. ఇక్కడ ప్రమాణం చేయించిండ్లు గద."

నా పక్కన బెంచీ కిర్రుమంది. సావుకారి లేచి నిలబడ్డాడు. ఆ కుర్రవాడు బోను దిగి వెళ్తున్నాడు, ఈయన రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. కోర్టు బంట్రోతు కూర్చోమని సైగ చేశాడు. ఎవరా నిలబడింది, కూర్చోమనండి అని జడ్జి గారు గట్టిగానే అన్నారు. నేను ఆయన కండువా పట్టుకుని కిందికి లాగాను.

సావుకారి కూర్చోలేదు.